మ్యూట్ చేసినా మోగే గ్రూపులు

ప్రశ్న: మా కాలేజీ కోడింగ్ క్లబ్‌తో పాటు ఇంకో నాలుగైదు డిస్కార్డ్ సర్వర్లలో (ఆ చాట్ యాప్‌లోని గ్రూపుల్లో) ఉన్నాను. అన్నిటినీ మ్యూట్ చేశాను. అయినా అర్ధరాత్రి ఎవరో ఒకరు @ఎవ్రీవన్ అని పెట్టగానే ఫోన్ మోగుతోంది. పరీక్షల ముందు నిద్ర పాడవుతోంది. లోపం యాప్‌లో ఉందా, నా ఫోన్‌లో ఉందా?
- బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: రెండింటిలోనూ లేదు. డిస్కార్డ్‌లో సర్వర్‌ను మ్యూట్ చేస్తే మామూలు మెసేజ్‌లే ఆగుతాయి. మిమ్మల్ని మెన్షన్ చేసిన, అంటే @ గుర్తుతో పిలిచిన మెసేజ్ మ్యూట్‌ను దాటుకుని వస్తుంది. @ఎవ్రీవన్ అని రాస్తే ఆ ఛానల్‌ను చూడగలిగే ప్రతి ఒక్కరినీ మెన్షన్ చేసినట్టే లెక్క. @హియర్ అయితే ఆ సమయానికి ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లకే వెళ్తుంది. ఇవి కాక రోల్ మెన్షన్లు ఉన్నాయి. రోల్ అంటే సర్వర్‌లో కొంతమంది సభ్యులకు కలిపి ఇచ్చే హోదా. మీకు ‘సెకండ్ ఇయర్’ అనో ‘హ్యాకథాన్ టీమ్’ అనో రోల్ ఇచ్చి ఉంటే, ఆ రోల్‌ను పిలిచినప్పుడల్లా మీ ఫోన్ మోగుతుంది.

సర్వర్ పేరు నొక్కి నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ‘సప్రెస్ @ఎవ్రీవన్ అండ్ @హియర్’, ‘సప్రెస్ ఆల్ రోల్ @మెన్షన్స్’ అని రెండు స్విచ్‌లు కనిపిస్తాయి. రెండూ ఆన్ చేయండి. మొదటిది మాత్రమే ఆన్ చేసి ‘మీరు చెప్పింది పని చేయలేదు’ అని నాకు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రతి సర్వర్‌కూ విడిగా చేయాలి. ఆ తర్వాత కూడా మీ పేరు పెట్టి పిలిచిన మెన్షన్లు వస్తాయి. అవి రావాలి కూడా.

ఇదే ఫిర్యాదు యాప్ పేరు మార్చుకుని నా దగ్గరికి వస్తూనే ఉంది. దీనికి మూలం డిజైన్‌లోని అజాగ్రత్తే. స్నేహితుడు మిమ్మల్ని పేరు పెట్టి పిలవడం, ముక్కూమొహం తెలియని వ్యక్తి వేలమందిని ఒకేసారి పిలవడం ఒకటి కాదు. చాట్ యాప్‌లు మాత్రం రెండింటికీ ఒకే విలువ ఇస్తున్నాయి. మ్యూట్ నొక్కిన మనిషి తన నిర్ణయం చెప్పేశాడు. అందరినీ కలిపి పిలిచే మెన్షన్లు కూడా ఆపాలా అని ఆ క్షణంలోనే అడిగితే సరిపోయేది. అడగకుండా ఆ స్విచ్‌ను సెట్టింగ్స్ లోపల ఎక్కడో పెట్టారు.

నిద్ర సంగతి కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం ఇంకొకటి ఉంది. అందరినీ ఒకేసారి పిలిచే అధికారం అడ్మిన్ల చేతిలో, బాట్ల (వాటంతటవే పని చేసే ప్రోగ్రాముల) చేతిలో ఉంటుంది కాబట్టి దొంగలు ముందుగా గురిపెట్టేది ఆ ఖాతాలకే. 2022 మే నెలలో ఎన్‌ఎఫ్‌టీలు (డిజిటల్ బొమ్మల వంటి వాటికి యాజమాన్య పత్రాలు) అమ్మే ఓపెన్‌సీ అనే సైట్ డిస్కార్డ్ సర్వర్‌లోకి చొరబడి, యూట్యూబ్‌తో భాగస్వామ్యం అంటూ దొంగ ప్రకటన పెట్టారు. తర్వాతి నెల బోర్డ్ ఏప్ యాట్ క్లబ్ అనే ఎన్‌ఎఫ్‌టీ బొమ్మల సర్వర్‌లో కమ్యూనిటీ మేనేజర్ ఖాతానే చేజిక్కించుకుని మోసపు లింకు పెట్టారు. సుమారు 200 ఈథర్ (ఒక క్రిప్టో కరెన్సీ) విలువైన ఎన్‌ఎఫ్‌టీలు పోయాయని దాని యజమాని సంస్థ యుగా ల్యాబ్స్ చెప్పింది. సభ్యులు తెలివితక్కువవాళ్లేమీ కాదు. రోజూ నమ్మే మనిషి ఖాతా నుంచి, రోజూ నమ్మే చోట వచ్చింది కాబట్టి నొక్కారు.

కాలేజీ సర్వర్లలో ఎన్‌ఎఫ్‌టీలు ఉండవు కానీ పద్ధతి అదే. ‘ఉచిత సబ్‌స్క్రిప్షన్, ఈ రాత్రి వరకే’ అని @ఎవ్రీవన్‌తో మెసేజ్ వస్తుంది. లింకు నొక్కితే వెరిఫికేషన్ కోసం క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమంటుంది. డిస్కార్డ్‌లో క్యూఆర్ కోడ్ ఉన్నది కంప్యూటర్‌లో లాగిన్ అవడానికి. వాళ్లు చూపించిన కోడ్‌ను మీ ఫోన్‌తో స్కాన్ చేసి ఒప్పుకుంటే, వాళ్ల కంప్యూటర్‌లో మీ ఖాతా తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, టూ ఫ్యాక్టర్ కోడ్ (పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో కోడ్) కూడా అడగదు. ఆ తర్వాత అదే మెసేజ్ మీ పేరుతో మీ స్నేహితులకు వెళ్తుంది. ఏ సర్వర్‌లోనూ ఎవరూ మీ సభ్యత్వాన్ని నిర్ధారించుకోవడానికి ఈ కోడ్ అడగాల్సిన అవసరం లేదు. అడిగితే అది మోసమే. పనిలో పనిగా ప్రైవసీ సెట్టింగ్స్‌లో సర్వర్ సభ్యుల నుంచి డైరెక్ట్ మెసేజ్‌లు రాకుండా ఆపేయండి. ఇలాంటి లింకులు ఆ దారిలో కూడా వస్తాయి.

ప్రశ్న: పిల్లల స్కూల్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, బంధువుల గ్రూపు... వాట్సాప్‌లో అన్నిటినీ ఆర్కైవ్ చేశాను. అయినా ఎవరో ట్యాగ్ చేశారంటూ నోటిఫికేషన్ వస్తుంది. ఒక్కోసారి ‘ఈ గ్రూపును మెన్షన్ చేశారు’ అని వస్తుంది, తెరిస్తే ఎవరిదో స్టేటస్. అడగకుండానే ఏవేవో టెలిగ్రామ్ గ్రూపుల్లో కూడా చేర్చేస్తున్నారు. వీటిని ఆపడం ఎలా?
- గృహిణి, విజయవాడ

జవాబు: వాట్సాప్‌లో ఆర్కైవ్ చేసిన గ్రూపులు నిశ్శబ్దంగానే ఉంటాయి. మిమ్మల్ని మెన్షన్ చేసినా, మీ మెసేజ్‌కు రిప్లై ఇచ్చినా మాత్రం నోటిఫికేషన్ వస్తుంది. స్టేటస్‌లో గ్రూపును మెన్షన్ చేయడమన్నది కొత్తగా వచ్చిన సదుపాయం. వందలమంది ఉన్న గ్రూపులో పుట్టినరోజు ఫొటో కోసం అందరి ఫోన్లూ మోగించే వీలు కల్పించడం నాకు ఏమాత్రం నచ్చలేదు. అలా చేసేవాళ్లకు విడిగా మెసేజ్ పెట్టి చెప్పండి, చాలామంది తెలియక చేస్తున్నారు. గ్రూపు కస్టమ్ నోటిఫికేషన్స్‌లో టోన్ ‘నన్’ అని పెట్టి వైబ్రేషన్ ఆపేస్తే కనీసం శబ్దమైనా రాదు.

టెలిగ్రామ్‌కు: సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో గ్రూప్స్ దగ్గర ‘మై కాంటాక్ట్స్’ అని మార్చండి. ఫోన్ నంబర్ ‘నోబడీ’కి పెట్టండి. వాట్సాప్‌లోనూ ప్రైవసీలో గ్రూప్స్ కింద ఇదే మార్పు చేయాలి. ఇప్పటికే చేర్చిన తెలియని గ్రూపులను మ్యూట్ చేసి ఊరుకోవద్దు. రిపోర్ట్ చేసి బయటికి వచ్చేయండి. పార్ట్‌టైమ్ ఉద్యోగం, షేర్ల టిప్స్ పేరుతో మోసం చేసే ముఠాలకు మొదటి మెట్టు ఆ గ్రూపులే. అందులో లాభాలొచ్చాయని స్క్రీన్‌షాట్లు పెట్టే ‘సభ్యులు’ కూడా వాళ్ల మనుషులే అయి ఉంటారు.

మీరు అడగకపోయినా మీ అపార్ట్‌మెంట్ గ్రూపు గురించి ఒక మాట చెప్పాలి. తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు గ్రూపుల ద్వారా ఎక్కువగా తిరుగుతున్న మోసం ఏపీకే ఫైల్, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్, బ్యాంకు రివార్డ్ పాయింట్లు, పెళ్లి శుభలేఖ... పేరు ఏదైనా ఫైల్ చివర ‘.ఏపీకే’ అని ఉంటుంది. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చారంటే బ్యాంకు ఓటీపీ మీ కంటే ముందు వాళ్లకు చేరుతుంది. వాట్సాప్ ఖాతా మార్చుకోవడానికి వచ్చే ఆరంకెల కోడ్ కూడా ఆ ఎస్సెమ్మెస్‌లలోనే ఉంటుంది కదా, దాంతో ఆ ఖాతా కూడా వాళ్ల చేతికి వెళ్తుంది. వెంటనే అదే ఫైల్ దాన్ని ఇన్‌స్టాల్ చేసిన మనిషి ఉన్న గ్రూపులన్నిటికీ ఆయన పేరుతోనే వెళ్తుంది. మీ గ్రూపులో అది పెట్టింది మూడో అంతస్తు మాస్టారు అయితే ఎవరు అనుమానిస్తారు? పైగా మిమ్మల్ని ట్యాగ్ చేసి పెడితే, నా పేరు మీద చలానా ఉందేమోనన్న టెన్షన్‌లో వేలు దానంతటదే వెళ్తుంది. ప్రభుత్వం గానీ బ్యాంకు గానీ వాట్సాప్ గ్రూపులో యాప్ పంపవు. బంధువులు పంపిన శుభలేఖ ఫొటోగానో, వీడియోగానో, పీడీఎఫ్‌గానో ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయమని ఎప్పటికీ అడగదు.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఈ రోజే రెండు పనులు చేయండి. వాట్సాప్ సెట్టింగ్స్, అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ వెతికి, వాట్సాప్‌కూ టెలిగ్రామ్‌కూ ఆ అనుమతి లేకుండా చూడండి. ఎవరైనా ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసేసి ఉంటే ముందు సిమ్ తీసేసి, నెట్ ఆపి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మోసం జరిగిన వెంటనే ఉండే సమయాన్ని పోలీసులు గోల్డెన్ అవర్ అంటున్నది అందుకే. డబ్బు చేతులు మారేలోపు ఖాతా ఆపగలిగితేనే వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది. పరువు పోతుందని రాత్రంతా ఆలోచించి పొద్దున ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు.

ప్రశ్న: న్యూజెర్సీలో తెలుగు బడి వాలంటీర్ల గ్రూపుకు నేను అడ్మిన్. స్లాక్ అనే చాట్ యాప్ వాడతాం, పిల్లల కోసం ఒక డిస్కార్డ్ సర్వర్ కూడా ఉంది. అందరికీ తెలియాల్సిన విషయాలుంటాయి కదా, స్లాక్‌లో అందరినీ పిలిచే @ఛానల్ వాడకపోతే ఎవరూ చూడరు. వాడితే తిడుతున్నారు.
- ఒక అడ్మిన్

జవాబు: తిట్టడంలో న్యాయం ఉంది. మీకు సాయంత్రం ఏడయితే హైదరాబాద్‌లో మీ పాఠాలు తయారు చేసే వాలంటీర్‌కు తెల్లవారుజామున నాలుగున్నరో అయిదున్నరో అవుతుంది. స్లాక్ పెద్ద ఛానళ్లలో @ఛానల్ రాయగానే ఇంతమందికి వెళ్తుందని హెచ్చరిస్తుంది. దాన్ని చదవకుండా దాటేసే అడ్మిన్లే ఎక్కువ. ఆ క్షణానికి పనిలో ఉన్నవాళ్లు చాలనుకుంటే @హియర్ రాయండి. మిగతావాటికి, మెసేజ్ మీరు పెట్టిన వేళకు వెళ్లే షెడ్యూల్ సెండ్ ఉంది.

డిస్కార్డ్‌లో మొదట పర్మిషన్లు చూడండి. ‘మెన్షన్ @ఎవ్రీవన్, @హియర్ అండ్ ఆల్ రోల్స్’ అనే అనుమతి మామూలు సభ్యులకు తెరిచి ఉంటే ఇప్పుడే తీసేయండి. బాట్లకు కూడా తీసేయండి. క్విజ్ నడిపే బాట్‌కు అడ్మినిస్ట్రేటర్ అధికారం ఎందుకు? పిల్లలున్న సర్వర్‌లో ఇది మరీ ముఖ్యం. మోడరేటర్లందరికీ టూ ఫ్యాక్టర్ తప్పనిసరి చేసే సెట్టింగ్ సర్వర్‌లోనే ఉంది, ఆన్ చేయండి. మానేసిన వాలంటీర్ల మోడరేటర్ హోదా తీసేయండి. ఏడాదిగా తెరవని ఖాతా దొంగలకు దొరికినా దాని యజమానికి తెలియదు.

ప్రకటనలకు ‘పోటీలు’, ‘క్లాసు మార్పులు’, ‘పండుగ కార్యక్రమాలు’ అని రోల్స్ పెట్టి, కావాల్సినవాళ్లు వాళ్లే తీసుకునేలా చేయండి. పండుగ ఏర్పాట్ల గురించి ఎవరికి కావాలో వాళ్లకే వెళ్తుంది. @ఎవ్రీవన్‌ను మంచు కురిసి బడి రద్దయిన రోజుకు దాచుకోండి. అప్పుడు ఎవరూ తిట్టరు, అందరూ చూస్తారు కూడా.