పాఠకుల ప్రశ్నలకు జవాబులు: పడటం ముందుగా నేర్పిన గురువు

ప్రశ్న: మా అబ్బాయి మూడు నెలలుగా జూడో తరగతులకు వెళుతున్నాడు. ఇంతవరకు ఒక్క పట్టు కూడా పూర్తిగా నేర్పలేదు. రోజూ కింద పడటమే నేర్పుతున్నారు. అక్కడ గోడకు ఒక జపాన్ పెద్దాయన ఫోటో పెట్టి పిల్లలచేత నమస్కారం చేయిస్తున్నారు. ఆయన ఎవరు? ఈ పడటాలకూ ఆయనకూ ఏమైనా సంబంధం ఉందా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఆ ఫోటోలో ఉన్నది జూడో విద్యకు మూలపురుషుడైన జిగోరో కానో. మీ అబ్బాయి రోజూ పడుతున్న ఆ పాట్లకు ఆయనతో చాలా దగ్గరి సంబంధమే ఉంది. కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కానో 1860లో, ఇప్పటి కోబే నగరంలో భాగమైన మికాగే అనే ఊళ్ళో, బియ్యంతో సాకే అనే మద్యం తయారుచేసే సంపన్న కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రి ఆయన్ని టోక్యోకు తీసుకువెళ్ళి మంచి చదువు చెప్పించారు. చదువులో చురుకైనవాడే గాని మనిషి పొట్టి, బక్కపలచన. వసతి పాఠశాలలో బలమైన పిల్లలు ఆయన్ని ఏడిపించేవారు, కొట్టేవారు. బలహీనుడు బలవంతుణ్ణి ఓడించగల విద్య జూజుత్సు అని విని, అది నేర్చుకోవాలని పట్టుబట్టారు. అయితే అప్పటికి జపాన్‌లో సమురాయ్‌ల కాలం ముగిసి పాత యుద్ధవిద్యలకు ఆదరణ పోయింది. మన దగ్గర రాజుల ప్రాపకం పోయాక సాముగరిడీల వస్తాదులకు పట్టిన గతే అక్కడి గురువులకూ పట్టింది. వారిలో చాలామంది విరిగిన ఎముకలకు కట్లు కట్టి పొట్ట పోసుకునేవారు. అందుకే కానో ఎముకల వైద్యుల ఇళ్ళ వెంట తిరిగి గురువు కోసం వాకబు చేశారు. చివరికి 1877లో, విశ్వవిద్యాలయంలో చేరిన ఏడాదే, ఫుకుదా హచినోసుకె అనే గురువు దొరికారు.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఈ ఫుకుదాగారి దగ్గర జరిగిన ఒక చిన్న సంగతిలో ఉంది. ఒకరోజు గురువు కానోను ఎత్తి పడవేశారు. కానో లేచి, ఆ పట్టులో చేయి ఎలా కదపాలి, కాలు ఎక్కడ వేయాలి అని అడిగారు. గురువు మాటతో జవాబు చెప్పలేదు. ఇలా రా అని పిలిచి మళ్ళీ పడవేశారు. కానో మళ్ళీ అడిగారు, ఆయన మళ్ళీ పడవేశారు. చెబితే వచ్చేది కాదు, చేయగా చేయగా అదే వస్తుందన్నది ఆ గురువుగారి పద్ధతి. ఆ రోజుల్లో కానో ఒంటిమీద దెబ్బలు లేని చోటు లేదు. కానో ఆ గురువును జీవితాంతం గౌరవించారు గాని ఆ బోధనా పద్ధతిని మాత్రం తన శిష్యుల విషయంలో పాటించలేదు. ఎందుకు పడుతున్నామో, ఎలా పడాలో, ఎలా పడవేయాలో విడమరిచి చెప్పడమే ఆయన తెచ్చిన పెద్ద మార్పు అని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చెబుతాను. ఫుకుదాగారి దగ్గర కానో కంటే చాలా బరువైన శిష్యుడు ఒకడుండేవాడు. అతణ్ణి ఎలాగైనా పడవేయాలని కానో మొదట సుమో కుస్తీ పట్లు ప్రయత్నించి విఫలమయ్యారు. తర్వాత గ్రంథాలయానికి వెళ్ళి పాశ్చాత్య కుస్తీ పుస్తకాలు తిరగేసి, ప్రత్యర్థి కిందికి దూరి అతణ్ణి భుజాలమీదికి ఎత్తుకుని విసిరే పట్టు ఒకటి కనిపెట్టి, దానితో అతణ్ణి పడగొట్టారు. కత గురుమ అనే పేరుతో ఆ పట్టు ఇప్పటికీ జూడోలో ఉంది. దెబ్బకు దెబ్బ అనుకోకుండా పుస్తకాల దగ్గరికి వెళ్ళిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే నాకు ఎంతో ముచ్చట వేస్తుంది.

ఫుకుదా 1879లో మరణించారు. ఆ తర్వాత కానో మరో ఇద్దరు గురువుల దగ్గర నేర్చుకుని, 1882లో, ఇరవై రెండేళ్ళయినా నిండకముందే, టోక్యోలోని ఎయిషోజీ అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పట్టే గదిలో తన సొంత శిక్షణాలయాన్ని ప్రారంభించారు. దానికి కోదోకాన్ అని పేరు పెట్టారు; మార్గాన్ని బోధించే నిలయం అని అర్థం. మొదటి సంవత్సరం శిష్యులు తొమ్మిదిమందే. వారు పడే దెబ్బలకు గది నేల కింది దూలాలు విరిగేవని, కానో లాంతరు పట్టుకుని నేల కిందికి దూరి వాటిని బాగుచేసుకునేవారని చెబుతారు.

ఆయన కనుగొన్న మూలసూత్రం, ప్రత్యర్థిని పడవేయడానికి ముందు అతని నిలకడను చెడగొట్టాలన్నది. రెండు కాళ్ళమీద గట్టిగా నిలిచినవాణ్ణి బలమున్నవాడు కూడా తేలికగా ఎత్తలేడు. అదే మనిషి మనల్ని నెడుతున్నప్పుడు ఎదురు నెట్టకుండా, అతను నెట్టే దిక్కుకే మనమూ లాగితే, అతని బరువు కాలి వేళ్ళమీదికి వస్తుంది. ఆ క్షణంలో చిన్న పిల్లవాడైనా పెద్దవాణ్ణి పడవేయవచ్చు. ఈ సూత్రం సాధనలో నలగాలంటే శిష్యులు భయం లేకుండా నిజంగా తలపడాలి. తలపడితే ఎవరో ఒకరు పడక తప్పదు. అందుకే కానో ప్రాణాంతకమైన దెబ్బలను స్వేచ్ఛా సాధన నుంచి తొలగించి, పడే పద్ధతిని అన్నిటికంటే ముందు పెట్టారు. గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా చూసుకుని, చేతిని చాచి అరచేయితో చాపను గట్టిగా కొడితే పడిన దెబ్బ ఒక్కచోట కాక ఒళ్ళంతా పరచుకుంటుంది. మీ అబ్బాయి నేర్చుకుంటున్నది ఇదే. మూడు నెలలు ఎక్కువేమీ కాదు. ఆ శిక్షకుడు జాగ్రత్త తెలిసినవాడని నమ్మవచ్చు.

ప్రశ్న: కరాటే బ్లాక్ బెల్టుకు కూడా కానోయే కారణమంటారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: నిజమే. అంతకుముందు గురువులు శిష్యులకు ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చి చివరికి అధికార పత్రం ఇచ్చేవారు. కానో 1883లో తన ఇద్దరు శిష్యులకు మొదటి దాన్ (నైపుణ్యాన్ని సూచించే మెట్టు) స్థాయి ఇచ్చి మెట్ల పద్ధతిని తెచ్చారు. నల్ల పట్టీ ఆ తర్వాత కొద్ది ఏళ్ళకు వచ్చింది. ఒకినావా దీవి నుంచి వచ్చిన కరాటే గురువు గిచిన్ ఫునకోషిని 1922లో కోదోకాన్‌కు ఆహ్వానించి కరాటే ప్రదర్శన ఇప్పించినదీ కానోయే. 1924లో ఫునకోషి తన శిష్యులకు దాన్ స్థాయిలు ఇవ్వడం మొదలుపెట్టారు. మన ఊళ్ళలో పిల్లలు నడుముకు కట్టుకునే కరాటే బెల్టుల వెనుక ఉన్న కథ ఇది.

వృత్తిరీత్యా కానో ఉపాధ్యాయుడు. టోక్యోలో ఉపాధ్యాయులను తయారుచేసే ఉన్నత విద్యాలయానికి ఇరవై ఏళ్ళకు పైగా ప్రధానాచార్యులుగా పనిచేశారు. 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో సభ్యుడైన మొదటి ఆసియా వ్యక్తి ఆయనే. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు జపాన్ తొలి జట్టును తీసుకువెళ్ళారు. ఆ జట్టులో ఆటగాళ్ళు ఇద్దరే. 1938లో కైరోలో జరిగిన కమిటీ సమావేశం నుంచి తిరిగి వస్తూ, హికావా మారు అనే ఓడలో, మే 4న న్యుమోనియాతో మరణించారు. జూడో 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో చేరింది. మన దేశంతోనూ ఒక బంధం ఉంది: రవీంద్రనాథ్ ఠాగూర్ ఆహ్వానంపై కోదోకాన్ శిష్యుడు తకగాకి 1929లో శాంతినికేతన్‌కు వచ్చి విద్యార్థులకు జూడో నేర్పారు.

ప్రశ్న: మా అమ్మాయి పొట్టిగా, సన్నగా ఉంటుంది. జూడో ఆడపిల్లలకు తగినదేనా?
– ఒక తండ్రి, అనకాపల్లి

జవాబు: కానో 1890లలోనే స్త్రీలకు జూడో నేర్పడం ప్రారంభించారు, 1926లో కోదోకాన్‌లో వారికి ప్రత్యేక విభాగం ఏర్పాటైంది. పైన చెప్పిన ఫుకుదాగారి మనవరాలు కెయికో ఫుకుదా 1935లో అందులో చేరింది. ఆమె ఎత్తు అయిదు అడుగులకు లోపే. పెళ్ళి చేసుకుంటే సాధన మానవలసి వస్తుందని పెళ్ళే వద్దనుకుంది. స్త్రీలకు అయిదో దాన్ దాటి ఇవ్వరన్న కట్టుబాటువల్ల ఆమె దాదాపు ఇరవై ఏళ్ళు ఆ మెట్టుమీదే నిలిచిపోవలసి వచ్చింది. ఇది ఆమె నైపుణ్యానికి జరిగిన అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. 1970లలో ఆ కట్టుబాటు తొలగింది. 2011లో, 98 ఏళ్ళ వయసులో, అమెరికా జూడో సంస్థ ఆమెకు పదో దాన్ ఇచ్చింది. ఆ స్థాయి అందుకున్న మొదటి స్త్రీ ఆమె. అమెరికా వెళ్ళి స్థిరపడిన ఆమె 2013లో మరణించే దాకా శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఉన్నారు. తొంభై ఏళ్ళు దాటాక కూడా అక్కడి శిక్షణాలయంలో కుర్చీలో కూర్చుని శిష్యురాళ్ళ తప్పులు దిద్దేవారు. మీ అమ్మాయిని నిస్సందేహంగా చేర్పించండి. మొదటి నెలల్లో పడటమే నేర్పుతారని మాత్రం ముందే చెప్పి పంపండి.