చైనావాళ్ల పీడకల

ప్రశ్న: మా అబ్బాయి చైనాలో డాక్టరు చదువుతున్నాడు. పీడకలను అక్కడ ‘అమంగ్’ అంటారట. మన ‘పీడ’ లాంటిదేనా ఆ మాట?
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: కాదండీ. మన మాటలో పీడ ఉంది, వాళ్ల మాటలో ఉలికిపాటు ఉంది. ‘మంగ్’ అంటే కల. ‘అ’కు రాసే అక్షరంలో నడుమ ‘రాజు’ గుర్తు, చుట్టూ నాలుగు ‘నోరు’ గుర్తులు, మొత్తం 16 గీతలు. చావు కబురుకు వాళ్లు వాడే మాటలోనూ ఇదే అక్షరం. ‘చెడు’ అనే అర్థమున్న మరో అక్షరమూ అచ్చం ఇలాగే పలుకుతుంది కాబట్టి చాలామంది దాన్నే రాసేస్తారు. అదీ చెల్లుతుంది.

‘జౌలీ’ అనే ప్రాచీన గ్రంథం కలల్ని ఆరు రకాలు చేసింది. అందులో ఉలికిపాటు కల వేరు, భయపు కల వేరు.

పలకడంలోనే చిక్కంతా. ‘అ’, ‘మంగ్’ రెండింటినీ ‘ఛీ’ అని కసిరినట్టు పైనుంచి కిందికి దించాలి. మొదటిదాన్ని ప్రశ్నలా పైకి లేపారో, అది పెద్దబాతు! (కోనసీమ చేలల్లో బాతుల మందలు చూసినవాళ్లకు ఇక మరుపురాదు.)

మెలకువ వచ్చినా ఒళ్లు కదలకపోవడం వేరే సంగతి. దెయ్యం గుండెల మీద కూర్చుందని మనవాళ్లంటే, వాళ్లు ‘గుయ్ యా చ్వాంగ్’ అంటారు, అంటే దెయ్యం మంచాన్ని అదమడం. నిద్ర చాలకపోయినా, వెల్లకిలా పడుకున్నా ఇది ఎక్కువ. పరీక్షల రోజుల్లో అబ్బాయిని పక్కకు తిరిగి పడుకోమనండి.