ఈత వచ్చిన పద్నాలుగేళ్ల అమ్మాయికి కయాకింగ్ ఆలస్యమా? విజయవాడలో సాధ్యమేనా?

మీ అమ్మాయి ఒలింపిక్ విజేత లిసా కారింగ్టన్ రేసులు చూసి కయాకింగ్ (సన్నటి పడవలో కూర్చుని తెడ్డుతో నడిపే ఆట) నేర్చుకుంటానంటోందని, ఈ వయసులో మొదలుపెడితే ముందుకు వెళ్లగలదా అని అడిగారు. వెళ్లగలదండీ. నేను కాలేజీలో చేరాక పున్నమి ఘాట్ దగ్గర మొదలుపెట్టి, రాష్ట్రం తరఫున పోటీల్లో తెడ్డు వేశాను. ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను.

లిసా న్యూజిలాండ్‌లో ఓహోపే అనే సముద్రతీర ఊళ్లో పెరిగింది. 2011లో 200 మీటర్ల సింగిల్స్‌లో, అంటే ఒక్కరే నడిపే పడవ రేసులో, ప్రపంచ విజేత అయింది, 2012లో లండన్‌లో అదే దూరంలో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. 2016లో రియోలో 200 మళ్లీ ఆమెదే. 500లో మాత్రం హంగరీకి చెందిన డనూటా కోజాక్ గెలిచింది, లిసాకు కాంస్యం వచ్చింది. మా పిల్లలకు నేను ఎక్కువగా చెప్పేది ఆ తర్వాతి సంగతే. 200 అంటే నలభై సెకన్ల పని. 500 అంటే రెండు నిమిషాలకు కాస్త తక్కువ, ఊపిరి అందని చోట కూడా తెడ్డు లయ తప్పకూడదు. తనకు తిరుగులేని దూరం చేతిలో ఉండగానే ఆమె రెండోదాని మీద కష్టపడింది. టోక్యోలో 200, 500, ఇద్దరి పడవ, మూడింటిలోనూ స్వర్ణాలే, అందులో రెండు ఒకే రోజు. పారిస్‌కు వచ్చేసరికి మహిళల 200 సింగిల్స్‌ను ఒలింపిక్స్ నుంచి తీసేశారు. ఆ ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే అక్కడితో అయిపోయేది. ఆమె 500 సింగిల్స్, ఇద్దరి పడవ, నలుగురి పడవ గెలిచి మొత్తం ఎనిమిది స్వర్ణాలు, ఒక కాంస్యంతో నిలిచింది.

వయసు గురించి భయముంటే జర్మనీకి చెందిన బిర్గిట్ ఫిషర్‌ను చూడండి. 1980లో మాస్కోలో 18 ఏళ్లకు స్వర్ణం, 2004లో ఏథెన్స్‌లో 42 ఏళ్లకు మళ్లీ స్వర్ణం. మధ్యలో 1984 ఒలింపిక్స్‌ను తూర్పు జర్మనీ బహిష్కరించడంతో అది పోయింది. అయినా మొత్తం 8 స్వర్ణాలు, 4 రజతాలు. ఈ ఆటలో ఒళ్లు పాకాన పడటానికి ఏళ్లు పడుతుంది, పడ్డాక చాలాకాలం నిలుస్తుంది.

ఇక మన కృష్ణ. ప్రకాశం బ్యారేజీ నీళ్లను ఆపుతుంది కాబట్టి పైన, ఘాట్‌కీ భవానీ ద్వీపానికీ మధ్య, తెల్లవారుజామున నీళ్లు కదలకుండా ఉంటాయి. ఈ 200, 500 మీటర్ల లాంటి వేగం రేసులకు, అంటే స్ప్రింట్‌కు, కావలసింది అదే. ఎండెక్కేకొద్దీ గాలి లేస్తుంది, టూరిస్టు బోట్లు తిరిగి అలలు పుడతాయి, సన్న పడవ తిరగబడటానికి అవి చాలు. గుర్రపుడెక్క చుక్కానికి చుట్టుకుంటే పడవ లాగినట్టు బరువెక్కిపోతుంది, దిగి తీసుకోవాల్సిందే. వరదల కాలంలో గేట్లు ఎత్తితే నది వైపు వెళ్లనివ్వకండి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన నీళ్లు మీరూ చూసే ఉంటారు. ఆ నెలల్లో మేం పరుగు, బరువులు, ఈతతో సరిపెట్టుకుంటాం.

రేసు పడవ చూసి మీరు కంగారు పడొచ్చు. 5.2 మీటర్ల పొడవు, పన్నెండు కిలోల బరువు, మనిషి నడుము పట్టేంత వెడల్పు. కూర్చోగానే తిరగబడుతుంది. నాకు చాలాకాలం పడకుండా కూర్చోవడమే సాధన. అందుకే ముందు వెడల్పాటి పడవ ఇవ్వమనండి. ఈత వచ్చిన పిల్ల పడ్డా బెదరదు, అది మీ అమ్మాయికి కలిసొచ్చే విషయం. చేతుల బలం చాలదేమోనని బాధపడకండి. పడవలో పాదాలు ఆనించే పలకను పాదంతో తన్నాలి, తుంటి తిరగాలి, దాంతో నడుము తిరగాలి. చెయ్యి ఆ బలాన్ని తెడ్డుకు అందిస్తుంది, అంతే. చేతులతో లాగే పిల్లలు మూడొందల మీటర్ల దగ్గరే అలిసిపోతారు.

మన దేశానికి ఈ ఆటలో ఒలింపిక్ పతకం ఇంకా రాలేదు. కానీ పారా విభాగంలో, అంటే దివ్యాంగుల పోటీల్లో, ప్రాచీ యాదవ్ ఉంది. ఈత నుంచే ఇటు వచ్చింది, భోపాల్‌లో సాధన చేసి టోక్యో పారాలింపిక్స్ ఫైనల్ దాకా వెళ్లింది, హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. రెండు మూడేళ్లు ఇక్కడ నేర్చుకుని, రేసు పూర్తిచేసే సమయం బాగుంటే, భోపాల్‌లోనో అలప్పుళలోనో హాస్టల్ శిక్షణకు ప్రయత్నించండి. జీవనానికి స్పోర్ట్స్ కోటా దారి ఉంది, కేంద్ర భద్రతా దళాల్లో వాటర్ స్పోర్ట్స్ జట్లున్నాయి. ప్రైవేటు స్పాన్సర్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. పదో తరగతి చదువు ఆపవద్దు, ఉదయం సాధనకు బడి అడ్డు కాదు.

చేర్చే ముందు ఒకసారి ఉదయాన్నే వెళ్లి మీరే చూడండి. పిల్లలు నీళ్ల మీద ఉన్నంతసేపూ కోచ్ మోటారు బోటులో వెంట ఉంటున్నారా, కొత్తవాళ్లందరికీ లైఫ్ జాకెట్ వేస్తున్నారా? ఈ రెండూ లేని చోట ఫీజు ఎంత తక్కువైనా చేర్చకండి.