తంగేడు పూల కార్డులకు మూడు రూపాయల వడ్డీ అప్పా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. ఆకులు, పూల స్టాంపులు ఒత్తి, కత్తిరించి, ఫోమ్ టేపుతో పైకి లేచి కనబడేలా అతికించి గ్రీటింగ్ కార్డులు చేసి అమ్ముతున్నాను. ఒక్కోటి 150 రూపాయలు. కాగితం, ఇంకు, కవరు ఖర్చు 45 పోతుంది. నెలకు సగటున 50 కార్డులు అమ్ముతాను. ఆషాఢంలో ఎనిమిదే పోయాయి, డిసెంబరులో మాత్రం చేతులు చాలక 30 ఆర్డర్లు వదులుకున్నాను. డై కటింగ్ మిషన్, డైలు (కాగితాన్ని పువ్వు, ఆకు ఆకారంలో కత్తిరించే అచ్చులు), కొత్త స్టాంపు సెట్లు కలిపి 74 వేలు అవుతాయి. బ్యాంకులో 38 వేలున్నాయి. మిగతా 36 వేలు తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి సోమవారం ఇస్తానన్నారు. మావారు ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 19 వేలు, మే నెలలో జీతం రాదు. ఇంటి ఖర్చు 20 వేలు, ఇద్దరు పిల్లలు. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా.

మీరు పంపిన ఫొటో చాలాసేపు చూశాను. తంగేడు కొమ్మ స్టాంపుకు ఒకసారి ఇంకు అద్ది రెండుసార్లు ఒత్తారు. ముదురుగా పడిన మొదటి ముద్రను కత్తిరించి పైన అతికించారు, లేతగా పడిన రెండోది వెనక నీడలా ఉంది. చేతిలో పనితనం ఉంది, అందులో సందేహం లేదు. మీ ఉత్తరానికి ఇక్కడ జవాబు రాస్తున్నది ఆ ఫొటో చూసి కాదు. ఇలాంటి ఉత్తరాలు ముందూ వచ్చాయి: కుట్టు మిషన్, పిండి గిర్ని, ఇప్పుడు ఇది. వస్తువు మారుతోంది, పొరపాటు మారడం లేదు. ఆపదకు దాచుకున్న డబ్బు తీసి, దానికి అప్పు కలిపి, మిషన్ కొనడం.

ముందు వడ్డీ సంగతి. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. మీ 36 వేలకు నెలకు 1,080, ఏడాదికి 12,960. అసలు అలాగే ఉంటుంది. కార్డుకు మీకు మిగిలేది 105. అంటే నెలనెలా పదకొండు కార్డులు ఆ వడ్డీకే చెయ్యాలి. ఆషాఢంలో మీరు అమ్మింది మొత్తం ఎనిమిది! ఈ లెక్క వేసుకోకుండా సోమవారం దాకా వచ్చారంటే నాకు బాధగా ఉంది. తెలిసినాయన కదా అని వడ్డీ తగ్గదు.

ఇంకో మాట. ఆ మిషన్ కత్తిరించే టైమ్ మిగులుస్తుంది, ఆర్డర్లు తేదు. మీకు టైమ్ చాలనిది డిసెంబరులో మాత్రమే. అప్పుడు వదులుకున్న 30 ఆర్డర్లలో మీకు మిగిలేది 3,150 రూపాయలు. దానికోసం 12,960 వడ్డీయా? ఖాళీ నెలల్లో పూలు, ఆకులు ఒత్తి, కత్తిరించి డబ్బాలో పెట్టుకోండి. ఫోమ్ టేపు మాత్రం ఆర్డరు వచ్చాకే అంటించండి, ఒకదానిమీద ఒకటి పేర్చితే అణిగిపోతుంది. డిసెంబరులో కత్తెర పనికి పక్కింటి అమ్మాయికి కార్డుకు ఇంత అని ఇచ్చినా మీకు లాభమే.

ఇక అసలు విషయం, ఆ 38 వేలు. మీరు దాన్ని పెట్టుబడి అనుకుంటున్నారు. నాకు అది మీ ఇంటి రెండు నెలల తిండి, అద్దె కూడా కాదు. కార్డులు అమ్ముడుపోకపోతే అందులో 20 వేలు మే నెలకే పోతాయి. మీ ఇంట్లో రెండు ఆదాయాలు ఉన్నా రెండూ నిలకడ లేనివే. ఒకటి వేసవిలో ఆగుతుంది, రెండోది ఆషాఢంలో, మూఢాల్లో పడిపోతుంది. వానాకాలంలో పిల్లలిద్దరికీ జ్వరం వచ్చి, అదే నెలలో స్కూల్ జీతం ఆలస్యమైతే మళ్లీ ఆ మూడు రూపాయల వడ్డీ మనిషి దగ్గరికే వెళ్తారు. ఆరోగ్యశ్రీ పరిమితి ఇప్పుడు 10 లక్షలే కావచ్చు, క్లినిక్‌లో డాక్టరు ఫీజు, ఇంటి అద్దె అది కట్టదు కదా.

మీలాంటి ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 1,20,000 పక్కన ఉండాలి. ఒక్కసారిగా కాదు. ముందు మూడు నెలలది, 60 వేలు. ఇంకా 22 వేలు కావాలి. ప్రతి కార్డు మిగులులో 50 తీసి పెడితే నెలకు 2,500, తొమ్మిది నెలల్లో అయిపోతుంది. మే నెలలో తీసినది తర్వాత పూడ్చుకోవాలి, కాబట్టి ఇంకొంత ఎక్కువే పట్టవచ్చు. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి అందులో వెయ్యండి. ఆ ఖాతాను ఫోన్‌పేకు కలపొద్దు, కాగితాలు కొనడానికి కూడా ముట్టుకోవద్దు. వచ్చే మే నెలకు చేయి చాచకుండా ఉండటమే మీ మొదటి గెలుపు.

మిగతావి క్లుప్తంగా. చిన్న వ్యాపారాలకు బ్యాంకులు ఇచ్చే ముద్రా శిశు రుణం 50 వేల దాకా ఇస్తారు, కానీ ఆర్డర్లు పెరగకముందు అది కూడా అప్పే. మహిళా పొదుపు సంఘంలో ఉంటే అక్కడి వడ్డీ నయం, అవసరం మాత్రం ఇప్పుడు లేదు. చైన్ కుదువ పెట్టొద్దు. మీవారి పేరిట ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా (ప్రమాద బీమా) లేకపోతే ఈ వారమే తీసుకోండి, తర్వాత టర్మ్ పాలసీ.

60 వేలు చేరాక వచ్చే సీజన్ లాభంతో, నగదు పెట్టి, చేత్తో తిప్పే చిన్న మిషన్ కొనుక్కోండి. డైలు తంగేడు పువ్వుకు, రావి ఆకుకు రెండు చాలు.

సోమవారం దాకా ఆగకుండా ఆయనకు ఈరోజే ఫోన్ చేసి డబ్బు వద్దని చెప్పండి.