నీ మట్టి నీ ప్లాట్‌లోనే ఆగాలి

చిరంజీవి స్వప్నకు పెద్దనాయన ఆశీస్సులు.

నల్లగొండలో గుట్ట కింది ప్లాట్‌లో ఇల్లు మొదలుపెడుతున్నారని, పర్మిషన్ కూడా వచ్చిందని మీ నాయన చెప్పాడు. చాలా సంతోషం బిడ్డా. ఇంటి ప్లాను నీకే బాగా తెలుసు. నేను రాసేది మట్టి గురించి.

పునాది తవ్విన రోజు నుంచి ప్రహరీ లేచేదాకా, ఆ వాలు మీద పడే ప్రతి వాన మీ మట్టిని వీధి మోరీలోకి, అక్కడి నుంచి ఒర్రెలోకి, చివరికి చెరువులోకి మోసుకుపోతుంది. ఎంత పోతుందిలే అనుకోవద్దు. కట్టినప్పుడు నాగార్జునసాగర్‌లో 408 టీఎంసీలు పట్టేవి, ఇప్పుడు 312. ఆ తేడా అంతా పై నుంచి కొట్టుకొచ్చిన పూడికే. మన చెరువులకు 2015 నుంచి మిషన్ కాకతీయ కింద ఎంత ఖర్చుపెట్టి పూడిక తీశారో చూశాం. చెరువు పనుల మధ్య బతికినవాణ్ని, తీసిన చెరువు మళ్లీ పూడుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

పర్మిషన్ కాగితంలో మట్టి గురించి ప్రత్యేకంగా రాసి ఉండదు కాబట్టి రూలే లేదనుకుంటారు చాలామంది. ఉన్నాయి, కాకపోతే తలో చోట ఉన్నాయి. 2012 భవన నిబంధనల ప్రకారం 10 మీటర్ల లోపు వెడల్పున్న ఒర్రె, నాలాల హద్దు నుంచి 2 మీటర్లు, అంతకన్నా వెడల్పైతే 9 మీటర్లు వదలాలి. చెరువు, కుంట 10 హెక్టార్ల లోపుదైతే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 9 మీటర్లు, అంతకన్నా పెద్దదైతే 30. అక్కడ కట్టడం ఎలాగూ కుదరదు, నా మాట విని మట్టి కుప్ప కూడా పోయించకు. నిర్మాణ వ్యర్థాలు మోరీలకు, దారికి అడ్డం పడకూడదని 2016 నిబంధనలే చెప్పాయి. తవ్విన మట్టిని, ఇసుకను కప్పకుండా వదలకూడదని 2018లో కేంద్రం దుమ్ము గురించి ఇచ్చిన నోటిఫికేషన్ చెబుతుంది. గాలి కాలుష్యం హద్దు దాటిన పట్టణాల జాబితాలో మన నల్లగొండ కూడా ఉంది. ఇంటి పర్మిషన్ల 2020 చట్టంతో వచ్చిన సెల్ఫ్ సర్టిఫికేషన్‌లో రూల్స్ పాటిస్తానని హామీ ఇచ్చి సంతకం పెట్టేది నువ్వే. అందుకే మేస్త్రీ చూసుకుంటాడులే అని వదిలెయ్యకు.

ఇక పని సంగతి. మృగశిర కార్తెకు ముందే బేస్‌మెంట్ లేపి చుట్టూ మట్టి నింపగలిగితే మొదలుపెట్టు, లేదంటే దసరా దాటాక తవ్వు. జేసీబీ వాడు గంటలో ప్లాటంతా చదును చేస్తానంటాడు, ఒప్పుకోకు. పునాది పడే మేర, దారి మేర గీకితే చాలు. కింది వాలు వైపున్న గడ్డి, తంగేడు పొదలు అట్లాగే ఉండనీ. మనది ఎర్ర చెలక. అందులోని ఇసుక నీళ్లు నిదానిస్తే అడుగున పడుతుంది, ఎర్రటి సన్న బంకమట్టి మాత్రం గంటల తరబడి తేలుతూనే ఉంటుంది. ఏ గుంటా దాన్ని పూర్తిగా ఆపలేదు. కాబట్టి మట్టి కదలకుండా చూడటమే అసలు పని. గుంటలు, బస్తాలు ఆ తర్వాత.

పై వాలు వైపు ఒక కాలువ తీయించు. గుట్ట నీళ్లు ప్లాట్‌లోకి దిగకుండా పక్కనుంచి పోవాలి. వాలు ఎక్కువిస్తే ఆ కాలువే కోసుకుపోతుంది, కొద్దిగా ఇస్తే చాలు. నీళ్లు బయటపడే చోట రాళ్లు పరిపించు. ఆ నీళ్లు పక్కవాళ్ల గోడ మీదికి పోకుండా చూసుకో.

పైన అర అడుగు, ముప్పావు అడుగు మట్టిని విడిగా తీసి, మోరీకి దూరంగా పోయించి టార్పాలిన్ కప్పించు. చెట్లకు పనికొచ్చేది అదే. 20 వేల చదరపు మీటర్లు దాటిన పెద్ద కట్టడాలకు పర్యావరణ అనుమతిలో ఆ పైమట్టిని దాచమనే షరతు పెడతారు. మన ఇంటికి ఎవరూ అడగరు, అయినా దాచుకో.

కింది వైపు మొరం నింపిన బస్తాలు రెండు వరుసలు, వాటికి లోపల ఒక గుంట. చాలాచోట్ల గ్రీన్ నెట్ కట్టి పనైపోయిందనుకుంటారు. దాని కన్నాల్లోంచి బురద పోతుంది, కింద నుంచి నీళ్లు పోతాయి. గోనె గుడ్డ కట్టించు, దాని అంచును అర అడుగు లోతున పూడ్చి తొక్కించు. గుంట సగం నిండగానే తోడించి ఆ మట్టిని ప్లాట్‌లోనే పోయించు. పెద్ద వాన వెలిసిన ప్రతిసారీ నువ్వే పోయి ఒకసారి చూడు.

గేటు దగ్గర ఒక ట్రాక్టర్ పొడవున పెద్ద కంకర పరిపిస్తే టైర్ల బురద రోడ్డెక్కదు. ఎక్కినా చీపురుతో ఎత్తించు. పైపు పెట్టి కడిగితే అదంతా మోరీలోకే పోతుంది.

ఇంకుడు గుంత మాత్రం అన్నిటికన్నా చివర, నేలంతా కుదురుకున్నాక తీయించు. ముందే తీస్తే బురద పేరుకుని నీళ్లు ఇంకవు.

జేసీబీ వచ్చే ముందు రోజు ఫోన్ చెయ్. నీళ్ల పైపు లెవెల్ పట్టుకుని వస్తాను, ఆ పై కాలువ ఎటు తిప్పాలో ఇద్దరం కలిసి సున్నం గీత గీద్దాం.

మీ పెద్దనాయన