లిమిటెడ్ ఎడిషన్ పెన్నుల్లో నిబ్బు, కన్వర్టరు అసలు ఎవరు చేస్తారు?

మీరు అడిగింది, 40 వేలు పెట్టి లిమిటెడ్ ఎడిషన్ ఫౌంటెన్ పెన్ను కొంటే అందులో నిబ్బు, కన్వర్టరు (లోపల సిరా పీల్చి నింపుకునే చిన్న గొట్టం), బాడీ అన్నీ ఆ కంపెనీ వాళ్ళే తయారు చేస్తారా అని కదా. చాలా బ్రాండ్లు చెయ్యవండి. నాకిది పెన్ను కిందపడి నిబ్బు వంకరపోయినప్పుడు తెలిసింది.

ఆరేళ్ళ కింద ఒక యూరప్ బ్రాండ్ పెన్ను కొన్నా, పేరు వద్దు లెండి, బ్యారెల్ మీద నంబరు కూడా చెక్కి ఉంటుంది. ఆఫీసులో టేబుల్ మీంచి దొర్లి సరిగ్గా నిబ్బు మీదే పడింది. కంపెనీకి మెయిల్ పెడితే కొత్త స్టీలు నిబ్బుకి పదకొండు వేలు, మూడు నెలలు పడుతుంది అన్నారు. మనసొప్పక హైదరాబాద్‌లో పాత పెన్నులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నానబెట్టి, గుడ్డముక్కతో నిబ్బునీ కింద నల్లగా ఉండి నిబ్బుకి సిరా అందించే ఫీడ్‌నీ కలిపి పట్టుకుని మెల్లగా తిప్పితే మొత్తం మరలాగా ఊడొచ్చింది. సొరుగులోంచి ఇంకో యూనిట్ తీసి పక్కన పెట్టారు, ఫీడ్ మీద గాళ్ళతో సహా అచ్చం అదే, తేడా అల్లా పైన కొట్టిన లోగో ఒక్కటే. "ఇది జోవో నంబర్ ఆరు బాబూ, రెండు వేల చిల్లరకే వస్తుంది" అన్నారు. బిగించి రాస్తే ఇదివరకటి కంటే బాగా రాసింది, ఇప్పటికీ అదే నిబ్బుతో రాస్తున్నా.

జోవో అంటే నిబ్బులు చేసే బెర్లిన్ కంపెనీ, నంబర్ ఆరు అనేది నిబ్బు సైజు. దీనికి పోటీ బోక్, హైడెల్‌బర్గ్‌లో 1939 నుంచి ఉంది (జర్మన్‌లో బోక్ అంటే మేకపోతు, వాళ్ళ సొంత ముద్రలో ఉండేదీ అదే జంతువు). చిన్నా పెద్దా చాలా బ్రాండ్లు ఈ ఇద్దరి దగ్గరే నిబ్బులు కొని తమ లోగో కొట్టించుకుంటాయి. అమెరికాలో ఎడిసన్, ఫ్రాంక్లిన్-క్రిస్టాఫ్, తైవాన్‌లో ట్విస్బీ, ఓపస్ 88, వీళ్ళ పెన్నుల్లో ఎక్కువగా జోవో నిబ్బులే వస్తాయి, ఇందులో దాపరికం కూడా ఏమీ లేదు. కన్వర్టరైతే బ్లాక్ ఫారెస్ట్‌లో సాంక్ట్ గేయోర్గెన్ అనే ఊళ్ళో ఉన్న ష్మిట్ వాళ్ళది ఎక్కువ, కె5 అని మోడల్, దానిమీద ఏ పేరున్నా సరే. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, రెండూ నంబర్ 6 అని రాసున్నా జోవో మరలు బోక్ మరల్లో పట్టవు, చూడకుండా ఆర్డర్ పెడితే డబ్బులు దండగ.

నిబ్బులు బయట ఎందుకు కొంటారంటే, నిబ్బు చెయ్యడం మాటలు కాదు. రేకుని సాగదీసి, అచ్చుతో కత్తిరించి, వంపు తిప్పి, కొసన గట్టి లోహపు గుండు అతికించి, సన్నటి బిళ్ళతో మధ్యలో చీల్చి, సాన పట్టాలి, ఒక్కోదానికి ఒక్కో మిషను, ఏడాదికి కొన్ని వందల పెన్నులు చేసేవాడికి అవి పెట్టుకుంటే గిట్టుబాటు కాదు. ఆ గుండుని అందరం ఇరిడియం అంటాం గానీ ఇప్పుడు ఎక్కువగా రుథేనియం లాంటి వేరే లోహాల మిశ్రమం. చవక పెన్నుల మీద ఇరిడియం పాయింట్ జర్మనీ అని కనిపిస్తే అది జర్మనీ నుంచే వచ్చిందని అస్సలు అనుకోకండి.

బాడీ మెటీరియల్ కూడా చాలా చోట్ల బయటనుంచి కొన్నదే, ఎబోనైట్ (గట్టిపరచిన రబ్బరు) కడ్డీలు జర్మనీలోనో జపాన్‌లోనో చేస్తారు. ఇటలీలో ఓమాస్ 2016లో మూతపడ్డాక వాళ్ళ దగ్గర మిగిలిన సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) కడ్డీలు ఎఎస్‌సి అనే ఇంకో కంపెనీ కొని వాటితో పెన్నులు చేసింది, నా దృష్టిలో నిజంగా లిమిటెడ్ అనదగ్గది అలాంటిది, ఆ కడ్డీలు అయిపోతే ఇంక ఉండవు. జపాన్‌లో పైలట్, సైలర్, ప్లాటినం, ఇటలీ ట్యూరిన్‌లో అరోరా, వీళ్ళు నిబ్బులు సొంతంగానే చేస్తారు, అయినా సైలర్ స్పెషల్ ఎడిషన్లలో ఎక్కువ శాతం మామూలు పెన్నులో వచ్చే నిబ్బే, రంగూ పూతా మారతాయి అంతే.

మా అమ్మమ్మగారి ఊరు రాజమండ్రి పక్కనే, చిన్నప్పుడు అక్కడ ఎబోనైట్ పెన్ను చేస్తుంటే గంటసేపు కూర్చుని చూశా. లేత్ మీద కడ్డీ తిరుగుతుంటే కాలిన రబ్బరు వాసన, నల్లటి తొక్కలు దారాల్లా చుట్టుకుని కిందపడేవి, ఆ పని చేసే ఆయన మూత తిప్పి చూడటం, రవ్వంత గీకడం, మళ్ళీ తిప్పడం, అలా ఎన్నిసార్లో. 1932లో మొదలైన రత్నం పెన్స్ రాజమండ్రిదే, స్వదేశీ పెన్ను చేసినందుకు 1935లో గాంధీజీ మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఇప్పుడు మన దేశపు ఎబోనైట్ పెన్నుల్లో కూడా కాస్త ఖరీదైనవాటికి జర్మన్ నిబ్బే వేస్తున్నారు, నాకందులో తప్పేం కనబడదు, ఆ మూత అంత నున్నగా బిగిసేది చెయ్యి తిరిగిన మనిషి వల్ల, నేను డబ్బులిచ్చేది దానికే.

కాబట్టి కొనేముందు అమ్మేవాళ్ళని సూటిగా అడగండి, నిబ్ యూనిట్ ఎవరిది, ఊడదీయొచ్చా, పంపేముందు రాసి చూసి సరిచేసేది ఎవరు అని. మా సొంత తయారీ అని తిప్పి తిప్పి చెప్తూ ఈ మూడింటికీ సమాధానం ఇవ్వకపోతే నేనైతే కొనను. మీరు చూస్తున్న పెన్నుకి ఫీడ్ వైపు నుంచి తీసిన ఫొటో ఉంటే కింద పెట్టండి, జోవోనా బోకా చూసి చెప్తా.