ఒలికిన పాలు, లండన్ ఎల్ఎల్ఎం, ఇంటి కాగితాలు

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్ల లా కోర్సు చివరి ఏడాదిలో ఉంది. ఇంగ్లండ్ వెళ్లి పర్యావరణ చట్టంలో ఎల్ఎల్ఎం (లాలో మాస్టర్స్) చేస్తానంటోంది. నదులు పాడుచేసిన కేసుల్లో 'ఎమర్జెన్సీ డిఫెన్స్' మీద డిసర్టేషన్ రాస్తుందట. మాకు నవ్వొచ్చింది. కార్పొరేట్ లా అయితేనే ఉద్యోగమని మా తోడల్లుడు అంటున్నారు. ఇల్లు తాకట్టు పెట్టాలి. ఏది మంచిది? (ఒక తండ్రి, అనకాపల్లి)

జవాబు: అయ్యా, ముందు ఆ నవ్వు సంగతి చూద్దాం.

ఇంగ్లండ్‌లో నీటిని పాడుచేస్తే 'కావాలని చేయలేదండీ' అంటే కుదరదు. 1972లో ఆల్ఫాసెల్ అనే కాగితం కంపెనీ కేసులో ఈ మాట తేలిపోయింది. పంపుల్లో ఆకులు, ముళ్లకంపలు అడ్డుపడి మురుగు నదిలో కలిసింది. నిర్లక్ష్యం రుజువు కాకపోయినా శిక్ష తప్పలేదు. 1998లో ఎంప్రెస్ కార్ కంపెనీ కేసు ఇంకా ఘోరం. ఎవరో బయటివాళ్లు డీజిల్ ట్యాంకు కుళాయి తిప్పేసినా, నేరం కంపెనీ మీదే పడింది.

ఇంత బిగుసుకున్న చట్టంలో ఉన్న సన్నటి సందు ఆ 'ఎమర్జెన్సీ డిఫెన్స్', అంటే అత్యవసరంలో తప్పక చేశామనే వాదన. మనుషులకు ప్రమాదం తప్పించడానికే అలా చేయాల్సి వచ్చిందని చూపాలి. కాలుష్యం తగ్గించడానికి వీలైనదంతా చేసి ఉండాలి. అధికారులకు వీలైనంత త్వరగా వివరాలు చెప్పి ఉండాలి. 2004లో ఒక పాల ట్యాంకర్ కేసు వచ్చింది. మోటర్‌వే మీద టైరు పేలి, పైపు విరిగి పాలు కారుతున్నాయి. డ్రైవర్ నడిరోడ్డు మీద ఆపకుండా పక్కకు తీశాడు. పాలు కాలువలోకి పోయాయి. అప్పీలులో కంపెనీ ఈ డిఫెన్స్‌తోనే బయటపడింది. (పాలు తెల్లగా ఉన్నా వాగులో చేపలకు ప్రాణాంతకమే.)

ఇది తలకెక్కిన పిల్లకు లాయర్ బుర్ర ఉన్నట్టే. పరవాడలోనో పటాన్‌చెరులోనో అర్ధరాత్రి ట్యాంకు లీకైతే ముందు ఎవరికి ఫోన్ చేయాలో, ఏం రాసిపెట్టుకోవాలో చెప్పగలిగిన మనిషి ఫ్యాక్టరీలకు కావాలి. పైగా మన సుప్రీంకోర్టు ఢిల్లీ ఓలియం గ్యాస్ లీకు కేసులో ప్రమాదకర పరిశ్రమలకు నష్టపరిహారం విషయంలో మినహాయింపులే లేవంది. రెండు దేశాల తేడా తెలిసినవాళ్లకు ఇక్కడ పని దొరుకుతుంది.

నా అనుమానమల్లా ఆ విమానం టికెట్ మీదే. ఏడాది ఎల్ఎల్ఎం చదివినంత మాత్రాన అక్కడ సొలిసిటర్ (అక్కడి లాయర్) అయిపోరు. అందుకు పెట్టే ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్షలు రాయాలి, రెండేళ్ల పని అనుభవం చూపాలి. చదువు తర్వాత ఉండనిచ్చే వీసా గడువునూ కుదిస్తున్నారు. కార్పొరేట్ లా చదివినా ఇదే కథ, క్యూ ఇంకా పొడుగు. ఏ సబ్జెక్టుకైనా సరే, ఉన్న ఒక్క ఇల్లు తాకట్టు పెట్టొద్దనే అంటాను.

రెండేళ్లు ఇక్కడ పర్యావరణ కేసులు చూసే సీనియర్ దగ్గర పని చేయమనండి. చెన్నైలో పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రైబ్యునల్ బెంచ్ ఉంది, వెళ్లి వాదనలు విననివ్వండి. తర్వాత స్కాలర్‌షిప్‌కు అప్లై చేస్తే చెప్పుకోవడానికి అనుభవం ఉంటుంది. ఎల్ఎల్ఎం ఎక్కడికీ పోదు.

మీ ఉత్తరంలో తోడల్లుడి మాట ఉంది, బ్యాంకు లోన్ ఉంది. అమ్మాయికి అదెందుకు ఇష్టమో ఒక్క ముక్కా లేదు. అడగలేదు కదా? ఈ ఆదివారం ఆ పాల ట్యాంకర్ కథ ఆమెనే చెప్పమనండి. తోడల్లుడుగారిని మాత్రం ఆ పూటకు పిలవకండి.